ఒళ్ళంతా తిరిగే మోటారు

ఆకాశాన్ని లొంగదీసుకున్న ఇద్దరు సీమ కుర్రాళ్ళ వీరగాథ ఇది. చదివాక మీ పిల్లలకు కూడా చెప్పుకుంటారు. (ఈ రెండు వాక్యాలూ అబద్ధం. ఒక మోటారును విమానం ముక్కుకు బిగించిన కథ ఇది. మోటారు నిమ్మకాయంత, విమానం థర్మాకోలుది.) ‘ఆ రోజుల్లో’ అని నిట్టూర్చడానికి నా వయసింకా చాలదు గానీ, కుప్పంలో ఇంజనీరింగు చదివిన ఆ రోజుల్లో నేనూ మా బావా ఏదైనా చేసెయ్యగలం అనుకునేవాళ్ళం. అనుకోవడానికి మార్కులు అక్కర్లేదు కదా.

బావంటే మా మేనమామ కొడుకు. వాళ్ళది పుంగనూరు, మాది మదనపల్లె. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే రూము, ఆఖరి ఏడాది ఒకే ప్రాజెక్టు: రిమోటుతో ఎగిరే విమానం. మొదటిసారి ప్రాజెక్టు సార్ ముందర పెట్టినప్పుడు అది కోడిపెట్టలా గ్రౌండంతా పరిగెత్తింది గానీ పైకి లేవలేదు. మోటారుకు బలం చాలలేదని తేల్చాం. ‘సోమవారం ఎగరాలి, లేదంటే వచ్చే ఏడు మళ్ళీ కలుద్దాం’ అన్నాడు సార్ ఎంతో ప్రేమగా. నాకైతే ఇంకో ఏడాది హాస్టలు సాంబారు తప్ప వేరే నష్టం లేదు. బావకు మాత్రం బెంగుళూరులో ఉద్యోగం వచ్చి ఉంది, పాసైతేనే. మామ ఆ సంగతి పుంగనూరులో తెలిసినవాళ్ళందరికీ చెప్పేసి, తెలియనివాళ్ళతో పరిచయం చేసుకుని మరీ చెబుతున్నాడు.

బలమైన కొత్త మోటారు తెప్పించుకుని ఆదివారం పొద్దున పుంగనూరులో దిగాం. మామ బోర్లలోకి మోటార్లు దించే పని చేస్తాడు. (నీళ్ళు వస్తే ఆయన చలవ, రాకపోతే భూదేవి తప్పు.) మా మోటారును అరచేతిలో పెట్టుకుని, “ఇదేందిరా, తాయెత్తు మాదిరి ఉండాది” అన్నాడు. పాతది వేరే రకం, దీన్ని ఎలా బిగించాలో మాకూ తెలియదు. సెల్లులో చూసిన వీడియోలో మోటారు అప్పటికే బిగించి ఉంది. మామకు అలాంటి అనుమానాలు లేవు.

“మోటారంటే మోటారే. ఒళ్ళు కదలకుండా పట్టుకోవాల, కడ్డీ తిరగాల. యాల ఇంత ఆలోచన?”

బోరు పైపుకు క్లాంపు వేసినంత శ్రద్ధగా, మోటారు నడుముకు ఇనప క్లిప్పు చుట్టి, విమానం ముక్కు దగ్గరి చెక్కకు బిగించాడు. మోటారు ఊపిరాడని పెళ్ళికొడుకులా కూర్చుంది. అత్తమ్మ కర్పూరం వెలిగించి, మోటారుకు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయ పెట్టింది. విమానం ఆ నిమ్మకాయ ఎక్కలేక పక్కకు ఒరిగింది. శకునం బాగుందని అందరం అనుకున్నాం.

బావ రిమోటు నొక్కాడు. ముందున్న ఫ్యాను కదల్లేదు. మోటారు వెనక ముక్క గిర్రున తిరిగి, మూడు వైర్లను జడలా అల్లుకుని, పిన్నులు ఊడబెరుక్కుని ఆగింది. మామ, ఫేజు తప్పిందని, రెండు వైర్లు అటూ ఇటూ మార్చమని తీర్పిచ్చాడు. మార్చాం. ఈసారి జడ అవతలి వైపుకు అల్లుకుంది. దీన్ని మామ పురోగతి అన్నాడు.

మేం మెకానికల్ వాళ్ళం, కరెంటు సంగతులు పక్క బిల్డింగు వాళ్ళ పాపం అని మా నమ్మకం. బావ మొహం మాత్రం చూడలేకపోయాను. సామాన్లన్నీ పక్కకు నెట్టి లేచాడు. కుప్పం పోయి సార్ కాళ్ళు పట్టుకుంటానన్నాడు.

“ఆయప్ప బూట్లు తియ్యడు బావా” అన్నాను.

“బూట్లే పట్టుకుంటా. నాయన మొహం సూడు ఒకసారి.”

చూశాను. మామ క్లిప్పును ఇంకా బిగిస్తూనే ఉన్నాడు, ఎవరివైపూ చూడకుండా. ఇక జోకెయ్యలేదు, బావ వెనకే బయటికి నడిచాను. బావ బండికి తాళంచెవి పెట్టాడు. దానికి కొత్త కీచైను వేలాడుతోంది: నాలుగు కాళ్ళ ఇనప ముక్క, కాళ్ళకు రంధ్రాలు, నడుమ ఇంకో నాలుగు. యాడిదని అడిగాను.

“మోటారు కవర్లో వచ్చినాది. ఫ్రీ అనుకుంటా. బాగుంది కదా?”

తాళంచెవి లాక్కుని లోపలికి పరిగెత్తాను. మోటారును తిప్పి చూస్తే వెనకవైపు నాలుగు రంధ్రాలు. కీచైను నడిమి రంధ్రాలతో అచ్చంగా కలిశాయి. ఈ జాతి మోటారుకు ఒళ్ళే ఫ్యానుతో పాటు తిరుగుతుందని అప్పుడు వెలిగింది, కదలకుండా ఉండాల్సింది వీపు. మేం పొద్దుటినుంచీ తిరగాల్సినదాన్ని కట్టేసి, కట్టెయ్యాల్సినదాన్ని వదిలేశాం. ఆ వీపును చెక్కకు పట్టి ఉంచేదే బావ కీచైను. దాన్ని బిగించడానికి స్క్రూలు లేవు కాబట్టి అత్తమ్మ సీరియళ్ళు చూసే సెట్‌టాప్ బాక్సు విప్పి నాలుగు తీశాం. (అత్తమ్మ నాతో దసరా దాకా మాట్లాడలేదు.) రిమోటు నొక్కగానే ఫ్యాను గాలికి, అత్తమ్మ మళ్ళీ వెలిగించిన కర్పూరం ఆరిపోయింది. మామ గోడకు ఆనుకుని కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

సోమవారం విమానం ఎగిరింది. గ్రౌండు చుట్టూ ఒక చుట్టు కొట్టి క్యాంటీను రేకుల మీద పడింది. కిందికి దిగడం మా ప్రాజెక్టులో లేదు. సార్ రేకుల వైపు చూసి, “సరే, పోండి” అన్నాడు. అంత తియ్యటి మాట మళ్ళీ ఏ సారూ నాతో అనలేదు. బావ మామకు ఫోను చేసి ఏడ్చాడు. మామ కూడా ఏడ్చి, ముక్కు చీదుకుని, గట్టిగా బిగించమని తాను ముందే చెప్పానన్నాడు.

బావ ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడు. నేను మదనపల్లెలో కుళాయి కారితే ప్లంబరుకు ఫోను చేస్తాను. నిమ్మకాయంత మోటారు ముందు అంత ధైర్యంగా కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. మొన్న అటక దులుపుతుంటే ఆ మోటారు వచ్చిన కవరు దొరికింది. అడుగున నాలుగు స్క్రూలు ఉన్నాయి.