ఆవిరి వెనక రైలు

దిష్‌దాషా అనే అరబ్బుల పొడవాటి చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఆవిరి బుస్సుమని లేచి నా కళ్లద్దాలను కమ్మేస్తుంది. వేడెక్కిన నూలు వాసన. కువైట్ అర్దియాలోని ఈ ఇంట్లో రోజూ ఉండే పనే. అయినా ప్రతిసారీ బాబా గుర్తొస్తారు. నాకు ఇప్పటికీ అర్థంకాని ఆ ఫోటో గుర్తొస్తుంది.

బాబా అంటే ఈ ఇంటి పెద్దాయన. చమురు ఊరు అహ్మదిలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు ఒకటే పిచ్చి, కొండల్లో ఇరుకు పట్టాల మీద తిరిగే ఆవిరి రైళ్లను ఫోటోలు తీయడం. అదీ ప్రయాణికుల రైలు కాదు. కంకర, పట్టాల ముక్కలు, పారలు పట్టుకున్న కూలీలతో పోయే పని రైలు. గోడల నిండా అవే. నేను దుమ్ము దులుపుతుంటే, "ఇటు చూడు, ఈ మనిషి నవ్వుతున్నాడు" అని అరబ్బీలో చెప్పేవారు. ఈ ఇంట్లో నన్ను తుడవమన్నవాళ్లే అందరూ, చూడమన్నది ఆయనొక్కరే. డ్రైవర్ ఖాదరన్నది మా రాయచోటే.

"రైలే లేని దేశంలో పుట్టినాయనకు ఈ రైలు పిచ్చేందబ్బా!" అనేవాడు.

"నన్నడిగితే ఏం చెప్పేదన్నా? ఆయప్పనే అడుగు పో."

ఒక వేసవిలో కుటుంబమంతా మన దేశంలోనే ఒక కొండ ఊరికి వెళ్లింది. పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ తీసుకెళ్లారు. సొంత దేశంలో దిగి, సొంతూరికి పోకుండా, ఇంకొకరి పిల్లల బూట్లకు అంటిన బురద కడిగాను. ఏడవాలో, చల్లగాలికి సంతోషపడాలో తోచలేదు. బాబాకు అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. "ఇదే ఆఖరు. మళ్లీ కొండెక్కలేను" అన్నారు. చాయ్ ఫ్లాస్కు పట్టుకుని ఆయన వెంట నడిచాను.

"ముందు గాలి చూడు" అని దారిలో నేర్పారు. "అది నీ వీపు వైపు నుంచి రావాలి. అప్పుడు ఆవిరి అవతలికి పోయి రైలు కనిపిస్తుంది. ఎదురుగాలిలో నిలబడ్డావో, అంతా తెలుపే."

ప్రయాణికుల రైలు పోయింది. ఆయన కెమెరా ఎత్తలేదు. తర్వాత కింది మలుపులో పని రైలు కూత వినపడింది. బాబా నన్ను పట్టాలు దాటించి అవతలి గట్టు మీద నిలబెట్టి, తాను నాలుగడుగులు వెనక్కి వెళ్లారు. పట్టాల వైపు నుంచి గాలి నా ముఖానికే కొడుతోంది.

"బాబా, ఎదురుగాలి! అటు కదా నిలబడాల్సింది?"

"అక్కడే ఉండు. కదలకు."

నేను ఆయన వైపు తిరగ్గానే ఆవిరి ముంచేసింది. చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. కెమెరా క్లిక్కుమంది. ఆయన ఆఖరి ఫోటో పాడైపోయిందనుకున్నాను.

"రైలు పోయింది బాబా!"

"ఖలాస్, అయిపోయింది. చాయ్ పొయ్యి" అన్నారు, అంతే.

కువైట్ వచ్చాక ఆ ఫోటోను పెద్దది చేయించి మిగతావాటి మధ్య తగిలించారు. చేతిలో ఫ్లాస్కుతో, నోరు తెరుచుకుని నేను. వెనక అంతా తెలుపు, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు ఫోటోలోలాగే. వయసు మీదపడి గాలి సంగతి మరిచారా? కావాలనే అక్కడ నిలబెట్టారా? ఆయన ఉన్నన్నాళ్లూ అడగలేదు. మరిచిపోయానంటారేమోనని భయం.

బాబా పోయాక ఆయన కొడుకులు, కూతుళ్లు రైలు ఫోటోలు పంచుకున్నారు. ఇదొక్కటే మిగిలింది. మామా, అంటే బాబా భార్య, దాన్ని ఇస్త్రీ బల్ల దగ్గరికి తెచ్చింది.

"ఇందులో రైలేదీ?"

"నా వెనకాలే ఉంది మామా."

మామా చాలాసేపు చూసి, మడతపెట్టిన బట్టల మీద ఫోటో ఉంచి వెళ్లిపోయింది. ఇప్పుడది నా పెట్టెలో ఉంది. అడిగుంటే బాగుండేదని ఒకరోజు, అడక్కపోవడమే మంచిదయిందని ఒకరోజు అనిపిస్తుంది.