సంకలో కరువు

1979 మే 14, సోమవారం. పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నేను బత్తలపల్లె దారిలో బస్సు దిగాను. ఆ రోజుల్లో నాకు అర్థం కానిదంటూ ప్రపంచంలో ఏదీ ఉండేది కాదు. వయసు ఇరవై అయిదు. అనంతపురంలో ఒక కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించే ఉద్యోగం. సంచిలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం. మనిషి మనసు అడుగున అతని సొంత జ్ఞాపకాలే కాక మానవజాతికంతటికీ చెందిన ఉమ్మడి అచేతనం ఒకటి ఉంటుందనీ, తల్లి, వృద్ధజ్ఞాని, నీడ వంటి మూలరూపాలు అందులో అనాదిగా కాపురముంటూ అన్ని దేశాల కలల్లోకీ కథల్లోకీ వేషం మార్చుకొని వస్తుంటాయనీ ఆ పుస్తకం చెబుతుంది. అది చదివిన నాటి నుంచి నాకు మామూలు మనుషులు కనిపించడం మానేశారు. పాలు పోసే ఆమె మహామాత. అద్దె వసూలుకు వచ్చే ఇంటాయన వృద్ధజ్ఞాని. (ఆయన జ్ఞానమంతా ఒకటో తేదీ చుట్టూనే తిరిగేది.)

ఆనాటి ప్రయాణం పెళ్ళిచూపులకు. సంబంధం తెచ్చిన మా మామ ముందురోజే వెళ్ళి ఆ ఊళ్ళో దిగాడు. పిల్ల నాయన ధర్మవరం షావుకార్లకు పట్టుచీరలు నేసే మనిషి. పిల్లను నేను అంతకుముందే ఒకసారి చూశాను, మా కళాశాలకు పరీక్ష రాయడానికి వచ్చినప్పుడు. కాపలా తిరుగుతూ ఆమె ఎదుట నిలబడిన నన్ను, "సార్, కొంచెం జరిగితే గడియారం కనిపిస్తాది" అన్నది. అంతే. ఈ సంబంధం కుదరకపోతే మరొకటి చూడవద్దని మామతో ఖండితంగా చెప్పి ఉన్నాను.

బస్సు దిగి ఎండిన వేరుశెనగ చేల మధ్య నడుస్తుండగా ఊరి పొలిమేర రాయి దగ్గర ఆమె కనిపించింది. పిల్ల కాదు, బొమ్మ. మట్టి ముఖానికి మసి, గవ్వల కళ్ళు, చింపిరి చీర, ఒక చేతిలో అరిగిన చీపురు, మరో చేతిలో చిల్లుల చేట. పుస్తకంలో మూడో అధ్యాయం! బిడ్డలను మింగే భయంకరమాత! పిల్ల నాయనతో ఏం మాట్లాడాలా అని దారి పొడుగునా బెంగపడుతున్న నాకు ఇంతకంటే మంచి విషయం దొరుకుతుందా? బొమ్మను జాగ్రత్తగా ఎత్తి, సంకలో పెట్టుకొని, ఊళ్ళోకి నడిచాను.

ఆ ఉదయమే ఆ ఊరి ఆడవాళ్ళు మూడేళ్ళ కరువును ఆ బొమ్మగా చేసి, ఇల్లిల్లూ తిప్పి తిట్టి, పొలిమేర దాటించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి, బావిలో మిగిలిన నీళ్ళతో తలకు పోసుకున్నారన్న సంగతి నాకు తెలియదు.

రచ్చకట్ట మీద ఆడవాళ్ళు తడి జుట్టు ఆరబెట్టుకుంటున్నారు.

"అయ్యో, ఇప్పుడే కదే తరిమేసి వస్తిమి! ఎవడప్పా వీడు, కరువును సంకలో పెట్టుకోని వస్తాండాడు?"

"నిలబడ్రా ఆడ! ఇంగొక్క అడుగేసినావంటే కాళ్ళిరగ్గొడ్తా." ఇలా అన్నది పిల్ల అవ్వ, నాయనకు తల్లి. చేతిలో చీపురుంది. ఆమె వెనక లేచినవాళ్ళందరి చేతుల్లోనూ చీపుళ్ళున్నాయి.

"నేను కళాశాల అధ్యాపకుణ్ణి. వధువును చూచుటకై వచ్చాను" అన్నాను. (భయం వేసినప్పుడు నాకు గ్రాంథికం వస్తుంది.)

"పిల్లను చూసేకి పెండ్లాన్ని ఎంటబెట్టుకోని వచ్చినాడే!"

ఎవరూ నవ్వలేదు. "మామా!" అని పిలిచాను. అరుగు మీది మామ నేనెవరిని పిలుస్తున్నానా అన్నట్టు వెనక్కి తిరిగి గోడను చూశాడు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చిన పిల్ల నాయన మాత్రం, "అమ్మా, ఆ పిల్లోడు మనింటికొచ్చినోడే" అన్నాడు మెల్లగా.

"మనింటికా? అయితే నువ్వూ పో వాని ఎంట."

ప్రాణం మీదికి వచ్చినప్పుడైనా మనిషి నోరు మూసుకోవాలి. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. "అవ్వా, ఈ ముసలిది బయట లేదు. అందరి మనసుల్లోనూ ఉంది. మనలోని చెడును ఒప్పుకోలేక పక్కవాడి మీదికి తోస్తాం. దాన్నే నీడ అంటారు."

"నా మనసులో ఉంటే బాయెందుకు ఎండుతాదిరా? ఎత్తుకొచ్చినోడివి నువ్వు. నువ్వే దించిరాపో."

చీపుళ్ళు నన్ను పొలిమేర దాకా తోలాయి. ఆ పరుగులో ఒక చెప్పు తెగి ఎక్కడో పడింది. రాయికి అవతల పక్కూరి మగవాళ్ళు కట్టెలతో కాచుకొని ఉన్నారు. ఈ బొమ్మ తమ వైపు పడిందని అప్పటికే వాళ్ళకు తెలిసిపోయింది.

"ఏం సార్, దాన్ని ఈడ పెట్టినావంటే నిన్నూ దాని పక్కనే పెడ్తాం" అన్నాడొకడు, చాలా మర్యాదగా.

మే నెల మిట్టమధ్యాహ్నం, ఒక కాలికి చెప్పు లేకుండా, రెండు ఊళ్ళకూ అక్కరలేని ముసలిదాన్ని ఎత్తుకొని నిలబడ్డాను. అడుగు ముందుకు వేస్తే కట్టెలు, వెనక్కి వేస్తే చీపుళ్ళు, కింద పెడితే రెండూ. ఇటు చీపుళ్ళ మధ్య నేను చూడవచ్చిన పిల్ల కూడా ఉంది. నన్నే చూస్తోంది. నాలుగు రోజుల కిందటే నల్లబల్ల మీద 'నీడ' అని రాసి, కింద రెండు గీతలు గీసి, పిల్లలకు వివరించిన పెద్దమనిషిని నేను. చేతుల్లోకి వస్తే అది ఇంత బరువుంటుందని పుస్తకంలో లేదు.

అంతలో రోడ్డు మీద అనంతపురం బస్సు హారను మోగింది. అవ్వ ముఖం విప్పారింది.

"అనంతపురానికి తీసుకపో! కలెక్టరాపీసు ఆడనే ఉండాది కదా. కరువు పనులకు దుడ్లిచ్చే దొరలంతా ఆడనే ఉండారు. వాళ్ళకాడ పెట్టు."

అటు కట్టెలవాళ్ళు కూడా తలలూపారు. రెండు ఊళ్ళూ ఏకమైన న్యాయం మళ్ళీ నేను చూడలేదు. డ్రైవరు మాత్రం ససేమిరా అన్నాడు. ఆయనదీ ఆ పక్క ఊరే. "కనపడకుండా చుట్టుకో సార్, నేనేమీ సూడలేదు" అని చివరికి కండక్టరే దారి చూపాడు. పెళ్ళిచూపుల కోసం కొన్న జరీ కండువాలో ముసలిదాన్ని చుట్టాను. మెట్టు ఎక్కుతుండగా ఆ పిల్ల దగ్గరికి వచ్చి నీళ్ళ చెంబు అందించింది. ఆ ఊళ్ళో ఆనాడు నీళ్ళంటే ఏమిటో తెలిసి తాగాను.

"దారిలో యాడా దించొద్దండి సార్. దించితే ఇంగెవురన్నా సదువుకున్నోళ్ళు ఎత్తుకోనొస్తారు" అన్నది.

"వాన పడనీ. అప్పుడు పిల్ల మాట మాట్లాడదాం" అని అవ్వ వెనకనుంచి అరిచింది.

గట్టుకు ఇటు పడి అటు పడని వానలు మావి. జూన్‌లో అనంతపురంలో కురిసింది. నా గది కప్పు మీద చినుకుల చప్పుడు వింటూ, ఇక్కడెందుకు తగలడ్డావని వానను తిట్టుకున్నాను. ఎక్కడా దించలేక గది మూలకే చేర్చిన ముసలిది గవ్వకళ్ళతో చూసేది. జూలై పొడిగా పోయింది. ఆ పిల్ల ఇంటికి ధర్మవరంనుంచి మరో సంబంధం వచ్చిందని తెలిసిన రోజు, శాస్త్రం చదివినవాణ్ణి, బొమ్మ ముందు నిలబడి, "తల్లీ, నీ ఇష్టం" అన్నాను. ఆగస్టులో ఒక సాయంత్రం తలుపు తీస్తే మామ. నిలువునా తడిసి ఉన్నాడు. ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఆ ఊళ్ళో బస్సెక్కినాన్రా. తుడుచుకోలేదు, నువ్వు నమ్మవని" అన్నాడు.

పెళ్ళయ్యాక మూడు ఇళ్ళు మారాం. ప్రతిసారీ ఆమె, "దించేద్దామా?" అంటుంది. అవన్నీ నమ్మనని చెబుతూనే బండిలో మొదట దాన్నే ఎక్కిస్తాను. ప్రపంచమంతా అర్థమైన ఆ కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే ఏమీ చెప్పను. కాస్త నీళ్ళిస్తాను.

పోయినవి: చెప్పు ఒకటి, జరీ కండువా, మూలరూపాల మీద రాయదలచిన సిద్ధాంతగ్రంథం. ఉన్నవి: ఆ చెంబు, ఆమె, అటక మీద ముఖం గోడవైపు తిప్పి పెట్టిన కరువు.