చేదు చూసే పని

ఆ వానాకాలం అమ్మ అన్నం మానేసింది. పంజాగుట్టలోని ఆసుపత్రిలో కీమో ఎక్కించుకుని వచ్చిన ప్రతిసారీ, మంచినీళ్లు కూడా వాసన వస్తున్నాయనేది. బరువు ఇంకా తగ్గితే మందు ఆపేయాల్సి వస్తుందని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఒక గదిలో మేమిద్దరమే ఉండేవాళ్లం.

ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ, పాత ఇల్లు కూలగొట్టిన జాగా దగ్గర అమ్మ ఆగిపోయింది. రేకుల కంచె సందుల్లోంచి తీగలు బయటికి పాకి ఉన్నాయి.

"గవి బుడంకాయలు గాదె? పట్నంల ఎట్ల మొలిచినయే!"

ఎవరూ విత్తకుండానే చేలల్లో కాసే కాయలవి. నిమ్మకాయంత ఉంటాయి, ఒంటి నిండా పచ్చని చారలు. అమ్మ వాటిని పప్పులో వేసేది, పచ్చడి నూరేది, చక్రాలుగా కోసి ఉప్పు రాసి ఎండబెట్టి ఒరుగులు చేసేది.

"పప్పు వండు, తింట" అంది. చాలా రోజుల తర్వాత తనంతట తాను అడిగిన తిండి అదే.

నేను రేకుల మధ్య దూరుతుంటే టీ బండి దగ్గరి కుర్రాళ్లు నవ్వారు. "మేడం, ఇంట్ల మేకలున్నయా?" తల ఎత్తకుండా చున్నీ నిండా కోసుకొచ్చాను.

బుడంకాయల్లో కొన్ని విషంలా చేదుంటాయి. పైకి తెలియదు. ఒక్కటి పడినా పప్పంతా పాడు. అందుకే ప్రతి కాయా కొస కోసి నాలుకకు తాకించి చూడాలి. ఆ పని ఎప్పుడూ అమ్మదే. ఆ రోజూ చాకు నా చేతిలోంచి లాక్కుంది.

"నీకేం ఎరుక, జరుగు."

మంచం మీద గోడకు ఆనుకుని ఒక్కో కాయ చూస్తూ, మంచివి గిన్నెలోకి, చేదువి కిందికి వేసింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

ఉడికాక రుచి చూస్తే గొంతు దాకా చేదు. ఉమ్మేశాను. ఆమె కింద పడేసిన వాటిలో ఒక కాయ కొరికాను. పుల్లగా, కమ్మగా ఉంది.

"చేదున్నదా?"

"లేదమ్మా."

"మరెందుకు ఉమ్మితివే?"

కొరికిన కాయను గిన్నె వెనక్కి నెట్టాను.

"మందు మొదలైనకాడ్నుంచి నాలికకు ఏం తెలుస్తలేదు బిడ్డా. ఇటుకముక్క పెట్టినా గంతే. అలవాటుకొద్ది చూసిన" అని చాకు నా వైపు జరిపింది.

ఆ పప్పు పారబోసి, మిగిలిన కాయలన్నీ నేనే చూసి మళ్లీ వండాను. అన్నంలో కలిపి ముద్ద అందిస్తే అమ్మ నోరు తెరవలేదు.

"ఎట్లున్నదో చెప్పు. చెప్తే తింట."

నేను నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని. ఏదైనా ఉంటే డైరీలో రాసుకునేదాన్ని.

"ముందుగాల పులుపు తగుల్తది, మామిడి ఒరుగు లెక్క" అన్నాను. మింగింది.

"గింజలు పంటికింద చిటుక్కుమంటున్నయి." మింగింది.

"ఎల్లిపాయ జర మాడింది."

"గది నీకు ఎప్పుడూ ఉన్నదే" అని అదీ మింగింది.

తర్వాతి ముద్దకు ఏం చెప్పాలో తోచలేదు. కంచంలో సగానికి పైగా అన్నం ఉంది. అమ్మ పెదవులు బిగించి ఎదురుచూసింది.

"ఇందాక చెప్పిందే చెప్పు" అంది చివరికి.

చెప్పాను. కళ్లు మూసుకుని మింగింది. అది కడుపులో నిలిచేదాకా మంచం పట్టెను గట్టిగా పట్టుకుని కూర్చుంది.