వెండి రంగు మీద తుప్పు

యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటుకు యంత్రాల నమూనాలు చేసిపెట్టే పెద్దాయన తార్నాక నుంచి నడిచి వచ్చేవాడు. ఎంతకీ తెమలని పరిశోధనతో విసిగిపోయి, మధ్యాహ్నాలు నేను ఆయన గదిలో కూర్చునేవాణ్ని.

ఆఖరుగా ఆయన చేసింది జానెడు పొగబండి ఇంజన్. వెండి రంగు ఆరాక, పల్చని గోధుమ రంగుతో తుప్పు మరకలు దిద్దాడు. డ్రైవరు పట్టుకుని ఎక్కే కడ్డీ మీద మాత్రం ఆ తుప్పును బొటనవేలితో తుడిచేశాడు. కడ్డీని వదిలేసి మిగతా అంతటా మెరుపులేని వార్నిష్ పూశాడు.

"అదొక్కటే ఎందుకు తుడిచిన్రు?" అన్నాను.

"మా నాయిన గిసొంటి ఇంజనే నడిపిండు. చెయ్యి పడే కాడ తుప్పు పట్టది బిడ్డా."

అతిథులు వస్తున్నారనీ, బండి కొత్తదానిలా మెరవాలనీ మా హెడ్డు చెప్పారు. పెద్దాయన రిటైర్‌మెంటుకు వారమే ఉంది. "సరే సార్" అన్నాడు. రెండు రోజులు కూర్చుని రంగంతా గీకి, మళ్లీ వెండి రంగు వేసి, నిగనిగలాడే వార్నిష్ పూశాడు. మెడ నొప్పి పుట్టినప్పుడల్లా కుంచె పక్కన పెట్టి కళ్లు మూసుకునేవాడు.

వచ్చినవాళ్లు మెచ్చుకుని ఫోటోలు తీసుకున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ ఆయన్ని, బాగుందా అని అడిగాను.

"మంచిగనే మెరుస్తున్నది," అన్నాడు. "గనీ ఒక్క దినం గూడ పని చేసినట్టు లేదు."