మూఢంలో దొరికిన ఫైవ్‌స్టార్ గది

మా ఆయన కొత్తిమీర కట్ట నుంచి ఫ్రిజ్ దాకా దేన్నీ చెప్పిన ధరకు కొన్న మనిషి కాదు. నారాయణగూడ మార్కెట్‌లో ఆయన బేరం చేస్తుంటే పూజ చేస్తున్నట్టే ఉంటుంది, ఒక్క మెట్టు తప్పదు. ముందు సరుకు చేతిలోకి తీసుకుని పెదవి విరుస్తాడు. ధర అడుగుతాడు. విన్నది నమ్మలేనట్టు ఇంకోసారి అడుగుతాడు. సగానికి అడిగి, ఇవ్వనంటే వెనక్కి తిరిగి మెల్లగా నడుస్తాడు. పదడుగుల్లోపల పిలుపు రావాలి. రాకపోతే చెప్పు సర్దుకునే నెపంతో ఆగుతాడు. చేతిలో సంచులతో వెనక నిలబడే నాకు ఆ చెప్పు ఎప్పుడు వదులవుతుందో ముందే తెలుస్తుంది.

ఇదే మనిషికి అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం ఉంది. ఊళ్ల నుంచి వచ్చి, హాస్టళ్లలో ఉంటూ, గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు ఒక పది రూపాయలు తగ్గించమంటే, నోటితో జవాబు చెప్పడు. వేలితో గోడ మీది బోర్డు చూపిస్తాడు. ‘ఒకటే ధర. దయచేసి బేరమాడవద్దు’ అని ఎర్ర రంగుతో రాయించాడు. ఆ బోర్డు రాసినవాడితో అరగంట బేరమాడాడు.

పోయినేడు నాకు యాభై నిండబోతుంటే, ఏం కావాలని అడిగాడు. చీర అంటానని ఆయన ఆశ. చీరల దుకాణాల్లో ఆయనకు తిరుగులేదు. నేను మాత్రం ఒక పెద్ద హోటల్లో ఒక్క రాత్రి ఉండాలని చెప్పాను. ఎందుకన్నాడు. నిద్రపోవడానికి అన్నాను.

అది సరదాకు అన్న మాట కాదు. చిక్కడపల్లిలో మా ఇల్లు రెండంతస్తులు. కింద మేమిద్దరం, అత్తగారు. పైన మరిది, తోటికోడలు. మా సందులో రోజు విడిచి రోజు పొద్దున ఐదున్నరకు నల్లా నీళ్లు వస్తాయి, నలభై నిమిషాల్లో పోతాయి. లేచి, వాల్వు తిప్పి, సంపు నింపి, మోటారు వేసి పైట్యాంకు నింపేది నేను. నల్లా రాని రోజున అదే వేళకు అత్తగారికి చాయ్ కావాలి. ఆ తర్వాత మా ఆయన అన్నం డబ్బా, ఆ తర్వాత బర్కత్‌పురలో నేను పాఠాలు చెప్పే బడి. నిద్ర దానంతటదే తీరి కళ్లు తెరిచిన పొద్దు పెళ్లైన ఇరవై ఆరేళ్లలో నాకు ఒక్కటి లేదు. జ్వరంలో కూడా వాల్వు తిప్పి వచ్చి పడుకున్నాను. ఎవరూ పిలవని చోట, ఒక్క పొద్దున, నిద్ర తీరేదాకా పడుకోవాలి. నేను కోరింది అంతే.

మా ఆయన ఫోన్‌లో హోటళ్ల ధరలు చూశాడు. ఆ డబ్బుతో ఇంట్లోకి కొత్త పరుపే వస్తుందని, దాని మీద రోజూ పడుకోవచ్చని అన్నాడు. నేను వెనక్కి తిరిగి వంటింటి వైపు నడిచాను. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యే. పదడుగుల్లోపల పిలిచాడు. నేను చూసుకుంటాలే అన్నాడు.

దుకాణం పక్కన జిరాక్స్ తీసే ఆయన ఒక సైటు గురించి చెప్పాడట. అందులో గదికి ధర మనమే చెప్పాలి. ఇన్ని స్టార్లు, ఊళ్లో ఫలానా వైపు, అంతవరకే చూపిస్తారు, హోటల్ పేరు చెప్పరు. మన ధరకు ఏదో ఒక హోటల్ ఒప్పుకుంటే డబ్బు వెంటనే కట్ అవుతుంది, పేరు అప్పుడు బయటపడుతుంది. ఇక వద్దనడానికి లేదు. పెళ్లికూతురి మొహం చూపించకుండా తాళి కట్టించే ఈ ఏర్పాటు నాకు నచ్చలేదు. మా ఆయనకు మాత్రం రొట్టె విరిగి నేతిలో పడింది. కొనేవాడే ధర చెప్పే దుకాణం ఒకటి ఈ భూమ్మీద ఉందని తెలియకుండా ఇన్నేళ్లు బతికినందుకు బాధపడ్డాడు కూడా.

మొదటి వారం బోణీ వేళ పట్టుకున్నాడు. పొద్దున్నే వచ్చిన బోణీ బేరాన్ని ఏ దుకాణదారూ వదులుకోడని ఆయన లెక్క. అందుకని స్నానం చేసి, దేవుడికి అగర్‌బత్తి వెలిగించి, సరిగ్గా ఆరు గంటలకు బిడ్ వేసేవాడు. ఆ సైటు ఏ దేశంలో ఉందో, అక్కడ అప్పుడు పగలో రాత్రో ఆయనకు పట్టలేదు. అసలు ధరలో నాలుగో వంతు చెప్పేవాడు. కుదరదని వచ్చేది. వెంటనే సైటు మూసి, ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, దూరంగా వెళ్లి కూర్చునేవాడు. మూడో రోజు ఫోన్ మోగింది. మీరు చూసిన గదులు ఇంకా ఉన్నాయి, మళ్లీ రండి అని సందేశం. మా ఆయన మొహం వెలిగిపోయింది.

“చూసినవా, పిలుస్తుండు” అన్నాడు.

పిలవగానే వెళితే లోకువైపోతామని ఇంకో రెండు రోజులు బిగుసుకుని కూర్చున్నాడు. ఈలోగా నా పుట్టినరోజు వచ్చి వెళ్లిపోయింది. ఆ పొద్దున కూడా నల్లా వచ్చింది. సాయంత్రం ఒక స్వీట్ డబ్బా తెచ్చి, అసలు బహుమతి ఆలస్యమైనకొద్దీ చవకవుతుందని నన్ను ఓదార్చాడు.

బోణీతో పని జరగలేదని పంచాంగం తీశాడు. మా ఇంట్లో మంచిరోజులు చూసుకోవడానికి వాడే పుస్తకం అది. మా ఆయన అందులో చెడ్డరోజు కోసం వెతికాడు. మూఢంలో నారాయణగూడ ఫంక్షన్ హాళ్లన్నీ చీకటిగా ఉంటాయని ఆయన గమనించాడు. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, పెళ్లిళ్లు లేకపోతే పెద్ద హోటళ్లలో గదులు ఖాళీ. ఆ మూఢంలో అమావాస్య, అది కూడా మంగళవారం పడితే, ఏ బుద్ధున్నవాడూ పెట్టె పట్టుకుని గడప దాటడు. కాబట్టి ఆ రోజు ధర దిగి తీరాలి. వేలు పెట్టి తేదీ చూపించాడు. అంత అశుభమైన రోజు ఆ ఏడాది మొత్తం మీద ఇంకొకటి లేదు. ఆ పూట కొత్త చోట నిద్ర చేయకూడదని అత్తగారు గోల పెట్టింది. వర్జ్యం చూసే పోతామని ఆయన మాటిచ్చాడు. ఆయన వర్జ్యం చూసుకున్నది సరిగ్గా అందులో బిడ్ వేయడానికని ఆమెకు చెప్పలేదు.

నేను నవ్వుతుండగానే బిడ్ ఒప్పుకున్నారు. అప్పుడు పేరు బయటపడింది. చదివి ఇద్దరం మొహాలు చూసుకున్నాం. బషీర్‌బాగ్ దగ్గరి హోటల్. మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే దాని బోర్డులోని చివరి రెండక్షరాలు కనిపిస్తాయి. హైదర్‌గూడ మీదుగా ఆటోలో పది నిమిషాలు. ఇంత ఊళ్లో, కళ్లకు గంతలు కట్టుకుని వల వేసి, మా ఆయన మా ఇంటి వెనక చేపను పట్టాడు.

నాకు ఉసూరుమనిపించింది. ఆయనకు ఆటో కిరాయి కూడా కలిసి వచ్చిందని సంతోషం. తలుపు వేసుకుంటే ఎక్కడైనా ఒకటే అని నాకు నేను చెప్పుకుని, బడికి రెండు రోజులు సెలవు పెట్టాను. ఆ బుధవారం పొద్దున నల్లా వచ్చే రోజని ఆయనకు ముందే గుర్తు చేశాను. తమ్ముడికి చెప్పానన్నాడు.

గది బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. మంచం మీద ఇద్దరికి ఎనిమిది దిండ్లు. కిటికీకి మందపు పరదా, వేస్తే పట్టపగలే చీకటి. పరుపు మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. కానీ తక్కువకు కొన్న వస్తువును నలుగురికి చూపించకపోతే మా ఆయనకు అన్నం సయించదు. అప్పటికే పెట్టె మోసిన అతనికి తన ధర చెప్పాడు. లిఫ్టులో ఎక్కిన దంపతులకు చెప్పాడు. వాళ్లు పూర్తి ధర ఇచ్చి వచ్చినవాళ్లని వాళ్ల మొహాలు చూస్తేనే తెలిసింది. అక్కడితో ఆగక, దగ్గరే కదా, వచ్చి రూమ్ చూసి పొమ్మని ఇంటికి ఫోన్ చేశాడు.

నాలుగున్నరకు మరిది, తోటికోడలు, అమావాస్య పూట కొత్త చోట నిద్ర చేయకూడదన్న అత్తగారు, పులిహోర గిన్నెతో దిగారు. అత్తగారు మంచం మీద నా చోట్లో వాలి, ఏసీకి కాళ్లు గుంజుతున్నాయి, దుప్పటి కప్పమంది. తోటికోడలు బాత్రూమ్‌లోని చిన్న సబ్బులు సంచిలో వేసుకుంది. మరిది పరదాను మూసి తెరిచి, తెరిచి మూసి చూశాడు. అంతలో బల్ల మీది కరెంటు కెటిల్ అందరి కంటా పడింది. అందరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. ఫైవ్‌స్టార్ హోటల్లో కూడా ఐదుగురికి చాయ్ పెట్టింది నేనే. ఉన్నవి రెండు కప్పులు, కడిగి కడిగి ఇచ్చాను.

గదిలో ఎంతమంది ఉన్నారని కౌంటర్ నుంచి మర్యాదగా ఫోన్ వచ్చాక వాళ్లు లేచారు. నేను నాలుగు ముద్దలు పులిహోర తిని, ఎనిమిదికే పడుకున్నాను. రేపు లేవక్కర్లేదు అనుకుంటే ఒళ్లంతా తేలికైంది.

ఎవరో భుజం కుదుపుతుంటే మెలకువ వచ్చింది. ఐదుంబావు. మా ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

“తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడు. జర పోయి నల్లా పట్టి రా. దగ్గర్నే గదా, కింద ఆటో మాట్లాడి వచ్చిన. ఈడ టిఫిన్ పదిన్నర దాక ఉంటదట” అన్నాడు.

చాలా ప్రేమగా చెప్పాడు. ఆటో కూడా రానూపోనూ మాట్లాడాడు, నేను బేరమాడే పని లేకుండా. అందులో తప్పేమైనా ఉందని ఆయనకు ఇప్పటికీ తెలియదు. నాకు కోపం రాలేదు, చచ్చేంత నీరసం వచ్చింది. నెల రోజులు సైటుతో, పంచాంగంతో కొట్లాడిన ఈ మనిషి, నేను ఏం అడిగానో మరిచిపోయాడు.

“మీరు పోండి” అన్నాను.

“వాల్వు ఎటు తిప్పాల్నో నాకు తెల్వదు గదనే.”

“తిప్పితె తెలుస్తది.”

ఆయన వెళ్లాక లోపల గొళ్లెం పెట్టి, ఫోన్ ఆపేసి, ముసుగు పెట్టాను.

కళ్లు తెరిచేసరికి పదకొండు. ఎవరూ లేపలేదు, నిద్రే తీరింది. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. తెలిశాక ఏడుపు వచ్చింది. ఇంత చిన్న సుఖం కోసం, ఒకరు ఇస్తే తీసుకుందామని ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. నా జీతం నా ఖాతాలోనే పడుతుంది. ఈ హోటల్ ముందు నుంచి ఎన్నిసార్లు బస్సులో వెళ్లానో లెక్కలేదు. దిగి, లోపలికి వెళ్లి, ఒక గది ఇవ్వమని అడగొచ్చన్న ఊహ ఒక్కసారీ రాలేదు. మా ఆయన పిసినారితనాన్ని ఇంతసేపు ఆడిపోసుకున్నాను గానీ, నా కోసం నేను ఖర్చు పెట్టుకునే విషయంలో ఆయన నా కాలిగోటికి సరిపోడు.

మొహం కడుక్కుని కిందికి దిగాను. మా ఆయన లాబీలో సోఫా మీద ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడి. వాల్వు ఊడి చేతికి వచ్చిందట. సందంతా నీళ్లు పారాయి గానీ సంపులోకి చుక్క దిగలేదట. ప్లంబర్ దొరికి, పని అయ్యేసరికి పది దాటిందట. గది తలుపు కొట్టి కొట్టి చేయి నొప్పి పుట్టిందట. ఇదంతా మామూలుగానే చెప్పాడు. టిఫిన్ సంగతికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. ధరలో కలిసి ఉన్న రెండు టిఫిన్లు, తినకుండానే, ఐదు నిమిషాల తేడాలో పోయాయి.

సామాను తీసుకురా, పన్నెండుకు ఖాళీ చేయాలి అన్నాడు. నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి, అదే గది రేపటి దాకా ఉంచుతారా అని అక్కడి అమ్మాయిని అడిగాను. ఉంచుతామంది. అయితే సైట్లో ధర వేరు, ఇక్కడ ధర వేరు మేడమ్ అని, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగింది. పరవాలేదని కార్డు తీసి ఇచ్చాను. మిషన్‌లోంచి కాగితం వచ్చే చప్పుడుకు మా ఆయన లేచి వచ్చాడు.

“ఎంతకిచ్చిండ్రు?” అన్నాడు.

“అడగలే” అన్నాను.

రేపు పన్నెండు తర్వాత వచ్చి తీసుకుపొమ్మని చెప్పి లిఫ్టు ఎక్కాను.