వానకు పట్టా ఎత్తిన రోజు

2001లో బత్తలపల్లె దగ్గర ఒక చిన్న టిష్యూకల్చర్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. చిగురులోంచి గోరంత ముక్క తీసి, సీసాలో పెంచి మొక్కను చేయడం మా పని. వానల అడవుల్లో పెరిగే మందుచెట్లను అనంతపురంలో పెంచుతున్నానంటే చుట్టాలు పడీపడీ నవ్వేవాళ్ళు.

కళ్యాణదుర్గం నాటువైద్యుడు హనుమంతప్ప అశోక కొమ్మలు తెచ్చిచ్చాడు. చెట్టు కర్ణాటక మలెనాడులో, ఆయన మామగారి తోటలో ఉండేది. ఆడవాళ్ళ జబ్బులకు దాని బెరడే మందు. సీసాల్లో మొక్కలు వేళ్ళు వేసే సమయానికి ఆయన మళ్ళీ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"చెట్టు పోయిందప్పా. దొంగనాకొడుకులు బెరడంతా వలుచుకొని పోయినారు. ఇంక నీ సీసాల్లో ఉండేదే నా చెట్టు."

అప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. సీసాలోంచి మట్టిలోకి మార్చే దశను హార్డెనింగ్ అంటాం. తేమలో పుట్టిన ఆకు బయటి గాలికి తట్టుకోలేదు. ప్లాస్టిక్ పట్టా కప్పి, రోజుకు కాస్త కాస్తగా ఎత్తుతూ అలవాటు చేయాలి.

అశోక మొక్కల్ని మట్టిలోకి మార్చి షెడ్డులో పట్టా కింద పెట్టాక, ఒక మధ్యాహ్నం ధర్మవరం నుంచి వస్తుంటే దారిలో వాన. ఎన్నాళ్ళకో పడిందని నేనూ సంబరపడ్డాను. ల్యాబ్ చేరేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది, గాలి కొడుతోంది. షెడ్డులో పట్టా పూర్తిగా ఎత్తేసి ఉంది. మొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

"ఎవరెత్తినారీ పట్టా?" అని అరిచాను.

షెడ్డులో పనిచేసే ఓబులమ్మ ముందుకొచ్చింది. "నేనే సార్. వానొచ్చె గదా. పైనుంచి నీళ్ళు పడతాంటే కప్పి పెట్టేకి చేతులు రాల్యా."

ఇద్దరం పట్టా కప్పి, చుట్టూ తడిగోనెలు కట్టాం. తర్వాతి రోజుల్లో చాలా మొక్కలు నల్లబడ్డాయి. మిగిలినవాటి కొసల్లో ఏదో వేలాడుతోంది. అశోక లేత చిగురు ఆరోగ్యంగా ఉన్నా అలాగే వేలాడుతుంది. అది చిగురో, వాడిన ఆకో తేల్చుకోలేక, ముట్టుకోవడానికే భయపడ్డాను.

హనుమంతప్పకు కబురు పెట్టాను. వచ్చి, వంగి, ఒక కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఓబులమ్మ గుంజ వెనకే నిలబడిపోయింది.

"చిగురేనప్పా," అన్నాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "ఏడవొద్దమ్మా. ఆ పొద్దు నేనుండింటే నేనూ ఎత్తేవాణ్ణే."

ఇప్పటికీ కొత్తగా పనిలో చేరినవాళ్ళకు నేను ఎండ గురించి చెప్పను. దాని సంగతి వాళ్ళకు తెలుసు. వానొచ్చినా పట్టా ఎత్తొద్దని మొదట చెబుతాను. మా ఊళ్ళ మనుషులకు ఆ మాట చెప్పాలంటే ప్రతిసారీ నోరు తడబడుతుంది.