శనివారం చివరి పీరియడ్

మా నాయన పెనుకొండలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మేం ముసల్మానులం, అయినా మా ఇంట్లో అవ్వ దగ్గర్నుంచి అందరం మాట్లాడేది తెలుగే. పదో తరగతిలో నాకు లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయని తెలిసిన రోజు, నాయన చేతిలో ఉన్న సూదిని పరుపుకే గుచ్చి వదిలేసి లేచాడు. చొక్కా మార్చుకుని వచ్చి, "పదమ్మా, హిందూపురం పోదాం" అన్నాడు. తొంభైల మధ్య సంగతి ఇది.

హిందూపురంలో ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీ ఒకప్పుడు చింతపండు గోడౌను. గోడలు కట్టి గదులుగా విడదీశారు కానీ వాసన పోలేదు. వాన కురిసిన రోజు తరగతిలో కూర్చుంటే నోట్లో నీళ్ళూరేవి. బెంచీలు ఒక్కోటి ఒక్కో రంగు. ఏటా చదువు ముగించి వెళ్ళే పిల్లలు వేసవి సెలవులకు ముందు తామే వాటికి రంగులు వేసి పోవాలని అక్కడ ఆనవాయితీ. ఏ రంగు వెయ్యాలో వాళ్ళ ఇష్టం. ఎవరో మహానుభావులు రెండో వరసంతా గులాబీరంగు పులిమి పోయారు. నేను చదివిన రెండేళ్ళూ ఆ గులాబీ బెంచీ మీదే కూర్చున్నాను.

కాలేజీ పెట్టినాయన రిటైరైన లెక్కల మాస్టారు. అందరూ పెద్దసారు అనేవాళ్ళం. మేం వెళ్ళిన రోజు ఆయన నా మార్కుల కాగితం తీసి పక్కన పెట్టేశారు. మా నాయన పనేమిటో అడిగి తెలుసుకుని, నా వైపు తిరిగారు.

"పరుపు మజ్జలో అక్కడక్కడ కుట్లేస్తాడు కదా మీ నాయన, ఎందుకేస్తాడు పాపా?"

నాయన చెప్పబోయాడు. పెద్దసారు చెయ్యెత్తి ఆపారు.

"దూది ఒగపక్కకు జరక్కుండా సార్" అన్నాను.

"ఎన్ని కుట్లు?"

ఎప్పుడూ లెక్కపెట్టలేదు. "తెల్దు సార్" అన్నాను. ఆయనకు ఆ రెండో జవాబే నచ్చిందని అప్పుడు నాకు తెలియలేదు. చేరమన్నారు.

ఆ కాలేజీలో శనివారం చివరి పీరియడ్ టీచర్లు పాఠం చెప్పరు. రెండో సంవత్సరం పిల్లల్లో ఒకరు చెప్పాలి. మొదటి, రెండో సంవత్సరం పిల్లలంతా హాల్లో కూర్చుంటారు. టీచర్లు వచ్చి చివరి బెంచీలో కూర్చుంటారు. ఎవరైనా ప్రశ్న అడగొచ్చు. జవాబు రాకపోతే తలొంచుకుని నిలబడటం కుదరదు. గట్టిగా, అందరికీ వినపడేలా, "తెలీదు, సోమవారం చెప్తాను" అనాలి. సోమవారం ప్రార్థన అవగానే వచ్చి చెప్పాలి.

ఇది ఎట్లా మొదలైందో అక్కడ చాలాకాలంగా పనిచేసే గుమాస్తా చెప్పాడు. కాలేజీ పెట్టిన మొదటి ఏడాది లెక్కలకు పెద్దసారు ఒక్కరే. ఒకసారి ఆయనకు గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు మాట రాలేదు. సుద్దముక్క ఒక పిల్లవాడి చేతికిచ్చి తాను చివరి బెంచీలో కూర్చున్నారట. గొంతు వచ్చాక కూడా శనివారం పూట మాత్రం ఆ బెంచీ వదల్లేదు. "పాఠం చెప్పేటప్పుడు కనబడని తప్పులు, వెనక కూచ్చుంటే బాగా కనబడతాయి" అనేవారు.

రెండో సంవత్సరంలో నా వంతు వచ్చింది. నేను ఎంచుకున్నది వస్తువులను వరుసల్లో పేర్చే లెక్కలు, పుస్తకంలో ప్రస్తారాలు అంటారు. నాకు అందులో ఎదురులేదని నా నమ్మకం. మూడు వేర్వేరు రంగులను ఒక వరుసలో ఎన్ని విధాలుగా పెట్టొచ్చో బోర్డు మీద రాసి, ఆరు అని గీత గీశాను. అప్పుడు మొదటి సంవత్సరం వరసల్లోంచి ఒకమ్మాయి లేచింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, హిందూపురంలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది.

"అక్కా, మా ఇంట్లో రవికెగుడ్డ మజ్జలో మూడు చారలు నేస్తారు. ఎరుపు, పచ్చ, నీలం అని నేసిన గుడ్డను అటుకొస ఇటు తిప్పితే నీలం, పచ్చ, ఎరుపు అయిపోతాది. గుడ్డ ఒగటే. నువ్వు దాన్ని రెండుగా లెక్కపెడితివి. మూడే కదా అయ్యేది?"

ఆ పిల్ల చెప్పింది నిజమో కాదో ఆ క్షణాన నాకు తెలియలేదు. తెలియదని అనడానికి నోరు రాలేదు. నాకంటే ఏడాది చిన్నది.

"మగ్గం వేరు, లెక్క వేరు. సూత్రం ప్రకారం ఆరే. కూచో" అన్నాను.

కూర్చుంది. పీరియడ్ అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. చివరి బెంచీలో పెద్దసారు కొట్టలేదు.

సాయంత్రం ప్యాసింజరు రైల్లో పెనుకొండకు వచ్చేంతసేపూ ఆ పిల్ల మొహమే కనిపించింది. కోపమేమీ లేదు ఆ మొహంలో. నేను చెప్పింది నమ్మిన మొహం అది. అదే నన్ను తినేసింది.

ఇంటికి వచ్చేసరికి నాయన చారల గుడ్డ కత్తిరిస్తున్నాడు. పక్కన కూర్చుని సంగతంతా చెప్పాను. నాయన బడికి వెళ్ళింది తక్కువ. గుడ్డను ఒకసారి ఇటు పరిచి, ఒకసారి అటు తిప్పి పరిచాడు.

"తిప్పితే తిరిగేదానికి తలా తోకా యాడుంటాదమ్మా? ఆ పాప చెప్పిందే రైటు."

"మరి నేను చెప్పింది?"

"నీది పుస్తకంలో రైటేమో. ఆ పాప అడిగింది గుడ్డ గురించి గదా. అడిగినదానికి జవాబు చెప్పకుండా వేరేదానికి చెప్తివి."

ఆదివారమంతా పుస్తకం ముందేసుకున్నాను. నేను చెప్పిన పాఠానికి రెండు పేజీల తర్వాతే పూలదండల లెక్కలున్నాయి. దండను తిప్పి వేసుకున్నా అదే దండ కాబట్టి వచ్చిన సంఖ్యలో సగమే తీసుకోవాలని రాసి ఉంది. ఆ పేజీ నేను ఎన్నోసార్లు చేసిందే. పరీక్షలో దండ అని ఇస్తే సగం చేసేదాన్ని. రవికెగుడ్డ అనేసరికి పోల్చుకోలేకపోయాను.

సోమవారం ప్రార్థన అయ్యాక ఎవరూ పిలవకుండానే ముందుకు వెళ్ళాను. "శనివారం నన్నొక ప్రశ్న అడిగారు. జవాబు అప్పుడు నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను. జవాబు మూడు" అని, ఎందుకు మూడో బోర్డు మీద వేసి చూపించాను. ఎవరూ నవ్వలేదు. ధర్మవరం పిల్ల మాత్రం లేచి, "నాలుగు చారలైతే పన్నెండా అక్కా?" అంది. నాలుగు రంగులకు ఇరవై నాలుగు వరసలు, అందులో సగం. "పన్నెండే" అన్నాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం సద్ది మేమిద్దరం కలిసి తినేవాళ్ళం. మరుసటి ఏడు తన శనివారం వచ్చినప్పుడు నాకంటే బాగా చెప్పిందని విన్నాను.

పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి, "నువ్వు టీచరయితే బాగుంటాది" అన్నారు. అంతే అన్నారు. నేను ఇంజనీరింగ్ ఆలోచన మానుకోవడానికి అది చాలింది. మా చుట్టాలు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. నాయన వేసుకోలేదు. అనంతపురంలో ఎమ్మెస్సీ లెక్కలు చదివి, రెండువేల సంవత్సరం దాటాక అదే కాలేజీకి లెక్చరర్‌గా వచ్చాను.

అప్పటికి కాలం మారింది. పెద్ద ఊళ్ళ నుంచి వచ్చిన పెద్ద కాలేజీల బోర్డులు బస్టాండు ముందు, రైల్వే గేటు దగ్గర, ఎక్కడ చూసినా ఉండేవి. బోర్డు నిండా పిల్లల మొహాలు, మొహాల కింద ర్యాంకులు. పెద్దసారుకు వయసు మీదపడి ఇంటి దగ్గరే ఉండేవారు. కాలేజీని ఆయన తమ్ముడి కొడుకు చూసుకునేవాడు. మేమంతా కరస్పాండెంట్ సార్ అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. పిల్లలు తగ్గిపోతున్నారని దిగులు ఆయనకు.

ఒకరోజు స్టాఫ్ రూముకు వచ్చి, "మేడమ్, వచ్చే నెల నుంచి శనివారం చివరి పీరియడ్ తీసేస్తాండాం. ఎంసెట్ టెస్ట్ పెడదాం. తల్లిదండ్రులు అదే అడుగుతాండారు" అన్నాడు.

"ఆ పీరియడ్ ఏందో వాళ్ళకు తెలుసా సార్?"

"తెలిస్తే ఇంకా కోప్పడతారు. దుడ్లు కట్టి పంపిస్తే పిల్లోళ్ళ చేత పాఠాలు చెప్పిస్తాండారా అంటారు."

"ఒక్క శనివారం వాళ్ళను పిలుద్దాం. చూసినాక వద్దంటే నేనే టెస్ట్ పేపర్లు తయారుచేస్తా" అన్నాను. నాకు ఆ పీరియడ్ మీద నమ్మకముంది. నాకు చదువు అంటే ఏమిటో తెలిసింది ఆ పీరియడ్‌లోనే కదా.

ఆ శనివారం లేపాక్షి, చిలమత్తూరు, సోమందేపల్లి నుంచి తల్లిదండ్రులు వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. పాఠం చెప్పింది సోమందేపల్లి అమ్మాయి. వాళ్ళకు హైవే మీద టీ అంగడి. కరెంటు పాఠం ఎంచుకుంది. గొంతు చిన్నది, కానీ తడబడలేదు. ముగించబోతుండగా చిలమత్తూరు నుంచి వచ్చిన ఒక రైతు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని ముందుకు జరిగాడు. ఆయన కొడుకు మొదటి సంవత్సరంలో ఉన్నాడు.

"ఏం పాపా, నన్నూ అడగనిస్తారా?"

"అడుగు పెద్దనాయనా."

"మా బోరు మోటరుకు మూడు ఫేజులు కావల్ల. రెండే వస్తాండాయి. మెకానిక్కు ఒగ కండెన్సర్ డబ్బా తగిలిస్తే తిరుగుతాండాది. ఆ డబ్బాలో ఏముండాది?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను కదల్లేదు. కరస్పాండెంట్ సార్ ముఖం వాడిపోయింది.

"తెలీదు పెద్దనాయనా. సోమవారం చెప్తాను" అంది అమ్మాయి, హాలంతా వినపడేలా.

గోడ దగ్గర నిలబడిన ఒకాయన, "ఇదేందప్పా, తెలీదని చెప్పేదానికేనా మనం చదివిస్తాండేది?" అన్నాడు. నలుగురైదుగురు తలాడించారు. రైతు మాత్రం తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కరస్పాండెంట్ సార్ నాతో మాట్లాడలేదు. ఆయనకంటే గట్టిగా ఉన్నట్టు కనిపించాను గానీ, ఇంటికి వెళ్ళి రెండు ముద్దలు కూడా తినలేకపోయాను.

సోమవారం ప్రార్థన వేళకు గేటు దగ్గర ఆ రైతు నిలబడి ఉన్నాడు. శెనక్కాయ పీకే రోజులు. పని వదులుకుని మొదటి బస్సుకు వచ్చాడు.

"పాప చెప్తానన్నాది గదా. ఇనిపోదామని వచ్చినా" అన్నాడు.

అమ్మాయి బోర్డు మీద మోటరు బొమ్మ వేసింది. ఆదివారం వాళ్ళ ఊళ్ళో మెకానిక్కును పట్టుకుని, ఆ తర్వాత మా ఫిజిక్స్ సారు దగ్గర కూర్చుని నేర్చుకుంది. రెండు ఫేజులే ఉంటే మోటరు గుర్రుమంటుంది గానీ తిరగడం మొదలుపెట్టదని, కండెన్సర్ మూడో తీగలో కరెంటును కొంచెం ముందుకు జరుపుతుందని, ఆ తేడాకే ఇరుసు కదులుతుందని చెప్పింది. "కానీ అట్ల నడిపితే లోపల తీగచుట్టలు వేడెక్కుతాయి పెద్దనాయనా. ఎక్కువసేపు నడిపితే కాలిపోతాయి" అంది.

"ఓర్నీ! అందుకేనా ఏటికొగసారి మోటరు కాలేది!" అని రైతు గట్టిగా అరిచాడు. హాలంతా నవ్వులు. ఆయనా నవ్వాడు. తర్వాత, ఎంతసేపు నడిపితే పర్వాలేదు, మోటరును చేత్తో తాకి ఎట్లా తెలుసుకోవాలి అని వరసగా అడిగాడు. ఆ పిల్ల తెలిసినవి చెప్పింది, తెలియనివి రాసుకుంది. మొదటి పీరియడ్ గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

కరస్పాండెంట్ సార్ తన గదిలోంచి కుర్చీ తానే మోసుకొచ్చి రైతుకు వేశాడు. మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వచ్చి, "టెస్ట్ శుక్రవారం పెట్టుకుందాం మేడమ్" అన్నాడు. టైం టేబుల్ కాగితం నా ముందు పెట్టి, శనివారం గడిలో తాను కొట్టేసింది నా చేత్తోనే మళ్ళీ రాయించాడు.

ఆ ఏడు కొందరు పిల్లలు పెద్ద కాలేజీలకు వెళ్ళిపోయారు. శనివారం గోడ దగ్గర మాట్లాడినాయన కొడుకూ వెళ్ళాడు. నేను ఎవరినీ బతిమాలలేదు. ఉన్నవాళ్ళు ఉన్నారు, చిలమత్తూరు రైతు మాట విని వాళ్ళ ఊరి నుంచి మరికొందరు వచ్చి చేరారు. పెద్దసారు ఇంటికి వెళ్ళి ఇదంతా చెబితే, ఆయన మంచం మీద లేచి కూర్చుని, ఆ అమ్మాయి మోటరు బొమ్మ ఎట్లా వేసిందో కాగితం మీద వేసి చూపించమన్నారు.